చేతివాటం

పరీక్షా కేంద్రం, విశ్రాంతి గది

పొట్టీ,

ఫోను చేస్తే నేను అరుస్తాను, నువ్వు "మీటింగులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యడం కుదరదు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

నాకు ఉద్యోగం దొరికింది. డ్రైవింగ్ స్కూలు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని మీ బావ మీద విసుక్కోవడం తప్ప వేరే పని లేకుండా పోయింది కదా. పాపం ఆయనే వెతికి వెతికి, "బండ్ల పొగ పరీక్ష చేసేచోట డ్రైవర్లు కావాలట. నువ్వు వెళ్తే నాకూ కాస్త ఊపిరాడుతుంది" అన్నాడు. వెళ్ళాను. నడిపించి చూసి తీసుకున్నారు.

పనేమిటో వింటే నవ్వుతావు. రోడ్డు మీద తిరిగే బండ్లలో కొన్నింటిని ఏరి ఇక్కడికి తెస్తారు. వెనక చక్రాలను ఇనుప రోలర్ల మీదికి ఎక్కించి, బండిని పట్టీలతో కట్టేసి, పొగగొట్టానికి ఇంకో గొట్టం తగిలిస్తారు. ఎదురుగా తెర మీద గీత ఎలా పోతే నేను అలా వేగం పెంచాలి, తగ్గించాలి. చక్రాలు తిరుగుతుంటాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వచ్చే గాలిలో ఏ విషం ఎంతుందో పక్క గదిలో యంత్రం చెబుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి నడిపి, ఎక్కిన చోటే దిగి ఇంటికి వస్తున్నాను.

చిక్కంతా నా చేతులతోనే. కాలు ఆక్సిలరేటరు మీద పడిందంటే అవి ఊరుకోవు. ఎదురుగా ఉన్నది గోడే అయినా స్టీరింగు అటు కాస్త, ఇటు కాస్త తిప్పుతూనే ఉంటాను. అద్దం అవతల వాళ్ళకి ఒకటే నవ్వు. "మేడమ్, ఏ ఊరు పోతున్నారు? మేమూ వస్తాం, ఆపండి" అంటారు. నాన్న గుర్తొచ్చాడు. మనిద్దరికీ బండి నేర్పుతూ "గేర్లు ఎవడైనా వేస్తాడు, చేతివాటం కుదరాలమ్మా" అనేవాడు కదా. అమ్మ తల పట్టుకునేది. "బయట చేతివాటం అంటే దొంగబుద్ధి అండీ, ఆడపిల్లల్ని పట్టుకుని అదేం మాట?" అని. ఆయన వింటేగా! "మా పెద్దదానికి మంచి చేతివాటం" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు జేబులు తడుముకునేవాళ్ళు.

మీ బావ గడియారాల కొట్టు అలాగే ఉంది. ఎదురుగా టాక్సీ స్టాండు పెరిగింది. అందులో సగం మీ కంపెనీ డీజిలు బండ్లే, అదంతా ఆయన చలవే. ఎవరు కొత్త బండి కొనాలన్నా చేతిలో గడియారం పక్కన పెట్టి మరీ చెబుతాడు. "మా మరదలు పనిచేసే కంపెనీ. డీజిలే గానీ పొగ అనేది ఉండదు. కళ్ళు మూసుకుని కొను." దాంతో స్టాండులో ఆ బండికి మరదలు అనే పేరు స్థిరపడిపోయింది. "నా మరదలు పొద్దున్నుంచి మొరాయిస్తోంది" అని ఒకడు, "మా మరదల్ని కడగాలి" అని ఇంకొకడు. వింటుంటే ఒకపక్క ఒళ్ళు మండుతుంది, ఒకపక్క నవ్వొస్తుంది.

జవాబు రాయి. రెండు ముక్కలు కాదు, మనిషి రాసినట్టు రాయి.

అక్క


హెడ్డాఫీసు, ఐదో అంతస్తు

అక్కకి,

నీ ఉత్తరం క్యాంటీనులో చదివి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా నవ్వాను. గోడ మీదికి బండి నడిపే అక్క ఇంకెవరికీ ఉండదు. బావతో చెప్పు, ఆ పేరు మార్పించకపోతే వచ్చి ఆయన కొట్టులో గడియారాలన్నీ తలో టైముకి తిప్పేసి పోతానని.

నా పని నీకు తెలిసిందే. మా బండ్ల గురించి బయటి నుంచి ప్రశ్నలు వస్తే జవాబులు తయారుచేస్తాం. ఈమధ్య కాస్త ఎక్కువే వస్తున్నాయి. మా పై అధికారికి నా రాత నచ్చింది. "నువ్వు జవాబిస్తే ఎదుటివాడికి ఇంకో ప్రశ్న తట్టదు" అంటాడు. ఈ ఏడు నాకు విభాగం అప్పగించేలా ఉన్నారు. ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది.

ఒక్క మాట చెబుతాను, వింటావా? రోలర్ల మీద ఉన్నప్పుడు స్టీరింగు ముట్టుకోకు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. పట్టీలు జారితే ప్రమాదం, అందుకని చెబుతున్నాను. మా కంపెనీ బండి వచ్చినప్పుడైతే మరీ జాగ్రత్త. ఎందుకని అడక్కు. చెల్లెలు చెప్పిందని విను.

నీ పొట్టి


ఇల్లు, వంటగది బల్ల

పొట్టీ,

చెల్లెలు చెప్పిందని విన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. నేను తెర వైపు చూసే లోపల అవి వాటంతటవే స్టీరింగు మీదికి వెళ్ళిపోయాయి. వీటిని ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళడం కుదిరేట్టు లేదు.

అసలు సంగతి విను. మీ బండి వచ్చింది. తెల్లగా, కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. నేను ఎక్కి నడిపితే విషవాయువు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు వచ్చింది. యంత్రం పాడైందనుకున్నారు. నన్ను దింపి, మా కేంద్రంలో ఒక నిద్రమొహం డ్రైవరున్నాడు, వాణ్ణి ఎక్కించారు. వాడు స్టీరింగుకి చేతులు ఆనించి శిలలా కూర్చుని నడిపాడు. గాలి స్వచ్ఛం! మళ్ళీ నన్నెక్కించారు. మళ్ళీ విషం. వేరే కంపెనీల బండ్లు నా కింద బుద్ధిగానే ఉంటున్నాయి మరి. మీ బండికి నేనంటే పడదా?

అందరూ నవ్వారు. మా మేనేజరు మాత్రం నవ్వలేదు. సంగతేమిటో చెప్పమని ఆ అంకెలు వేసి మీ కంపెనీకి కాగితం పంపాడు. నీ దగ్గరికే వస్తుందేమో చూడు. వస్తే నాకు ముందు చెప్పు, అక్కడేదో తప్పుందని నా మనసు చెబుతోంది.

మీ బావకి కళ్ళు మండుతున్నాయి. నీళ్ళు కారుతుంటే గడియారంలో మర కనపడక రెండుసార్లు జారవిడిచాడు. ఆయన పనిలో అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. రాత్రి పడుకుంటే పిల్లికూతలు. డాక్టరు "రోజంతా బండ్ల ఎదురుగా కూర్చుంటారా?" అని అడిగాడు. "అవన్నీ మరదలి బండ్లండీ, పొగ రాదు" అని ఈయన జవాబు! ఆ డాక్టరు నా వైపు చూసిన చూపు నువ్వు చూడాలి.

అక్క


హెడ్డాఫీసు

అక్కా,

అది నా విభాగానికి వస్తుందో రాదో తెలియదు. కనుక్కుంటాను. యంత్రాలన్నాక ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తాయి, నువ్వు మనసులో పెట్టుకోకు.

బావని కొట్టు తలుపు మూసుకుని పని చేసుకోమను. ముందు తలుపు, కిటికీ కూడా. తప్పకుండా చెప్పు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

పొట్టి


ఇల్లు

పొట్టీ,

నన్ను దొంగ అన్నారు.

మీ కంపెనీ నుంచి జవాబొచ్చిందని మేనేజరు అందర్నీ విశ్రాంతి గదిలో కూర్చోబెట్టి చదివాడు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను, పెద్ద ఘనకార్యం చేసినదానిలా. "వాహనంలో ఎటువంటి లోపమూ లేదు. పరీక్ష జరిపిన డ్రైవరు చేతివాటం కారణంగా సదరు ఫలితాలు నమ్మదగినవి కావు." అంతే. తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి.

కేంద్రంలో ఆమధ్య కొలత యంత్రం తాలూకు చిన్న భాగమేదో కనపడకుండా పోయింది. అదెవరు తీశారో వాళ్ళకి ఇప్పుడు తెలిసిపోయింది. నాతో రోజూ అన్నం తినే అమ్మాయి చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. మెకానిక్కు నా ఎదురుగానే టూల్‌బాక్సుకి తాళం వేశాడు. మేనేజరు పక్కకి పిలిచి, "మీ మీద నాకేం అనుమానం లేదమ్మా. కానీ అంత పెద్ద కంపెనీ ఊరికే అనదు కదా. కొన్నాళ్ళు ఇంట్లో ఉండండి" అన్నాడు. అనుమానం లేనివాడు ఇంటికెందుకు పంపుతాడు?

స్కూలు పిల్లల వ్యానుకి డ్రైవరు కావాలంటే వెళ్ళాను. బండి నడిపించి చూసి, బాగుందన్నారు. ఎక్కడ పనిచేశారని అడిగి, కేంద్రానికి ఫోను చేశారు. ఫోను పెట్టాక వాళ్ళ మొహం మారిపోయింది. "పిల్లల వస్తువులు ఉంటాయి కదండీ" అన్నారు. పొట్టీ, నాకు తల కొట్టేసినట్టయింది. ఎంతమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పాను! ఒకళ్ళ గుండుసూదైనా ముట్టుకున్నానా? ఆ బండిలోంచి నేనేం ఎత్తుకెళ్ళాను, పొగా?

నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు. ఆ మాట రాసిన చెయ్యి ఎవరిదో కనుక్కో. నాకు ఉద్యోగం అక్కర్లేదు, జాలి అంతకంటే అక్కర్లేదు. వాడు వచ్చి, ఆ గదిలోనే, ఆ మనుషుల ముందే, నేను దొంగని కాదని చెప్పాలి. అప్పటిదాకా నేను తిన్నది ఒంటబట్టదు.

అక్క


నా గది

అక్కా,

చదివి ఏడ్చాను. నిన్ను ఎరిగినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. కొన్నాళ్ళు ఓపిక పట్టు, అన్నీ సర్దుకుంటాయి.

ఆవేశంలో ఒక్క విషయం మర్చిపోతున్నావు. రాసినవాళ్ళ ఉద్దేశం దొంగతనం అయ్యుండదు. ఆ మాటకి మంచి అర్థం కూడా ఉంది కదా, నాన్న అనేవాడే. నువ్వు స్టీరింగు తిప్పే అలవాటు గురించి అలా రాసి ఉంటారు, అంతకు మించి ఏమీ ఉండదు. చదివినవాళ్ళు అపార్థం చేసుకుంటే రాసినవాళ్ళేం చేస్తారు?

ఈ నెల బావ మందులు నేను పంపుతాను. కాదనకు.

నీ పొట్టి


గడియారాల కొట్టు, వెనక గది

నిన్ను పేరు పెట్టి పిలవబుద్ధి కావడం లేదు.

స్టీరింగు సంగతి మీ కంపెనీకి ఎవరు చెప్పారు? మా మేనేజరు పంపిన కాగితంలో అంకెలు తప్ప ఇంకేమీ లేవు. ఈ పూటే వెళ్ళి గుమ్మం బయట నిలబడి అడిగాను. లోపలికి రానిస్తే కదా! మీ జవాబులో కూడా ఎక్కడా స్టీరింగు అన్న మాట లేదన్నాడు. గోడ మీదికి బండి నడిపే నా పిచ్చి అలవాటు ఆ కేంద్రంలో వాళ్ళకి తెలుసు, నీకు తెలుసు. నీకెలా తెలుసు? నేనే రాశాను కాబట్టి.

నాన్న అర్థంలో ఆ మాట వాడే మనుషులు ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం. నేను రాయలేదు.

మూడుసార్లు చదివాను నీ ఉత్తరం, నా అనుమానం తప్పయితే బాగుండునని. "చదివినవాళ్ళు అపార్థం చేసుకుంటే రాసినవాళ్ళేం చేస్తారు" అట! ఎంత శుభ్రంగా చేతులు దులుపుకున్నావు! అమ్మ ఎన్నిసార్లు చెప్పింది ఆ మాట బయట వాడొద్దని? నీకు తెలియక రాశావంటే నేను నమ్మను.

నవ్వుకోవడానికి నేను రాసిన ఉత్తరంలోంచి మాట ఎత్తుకెళ్ళి, ఆఫీసు కాగితం మీద పెట్టి, నా మీదే విసిరావు. ఇప్పుడు నువ్వే చెప్పు, మన ఇద్దరిలో చేతివాటం ఎవరికి ఉంది?

మందులు పంపకు. ఆయన ముట్టుకోడు, నేను ముట్టుకోనివ్వను.


నా గది

అక్కా,

నేనే రాశాను.

నాలుగుసార్లు రాసి చింపాను ఈ ఉత్తరం. ఇక నేరుగా చెబుతాను. రోడ్డు మీద పోయే బండికి స్టీరింగు కదలకుండా ఉండదు. చక్రాలు తిరుగుతున్నా స్టీరింగు కదలడం లేదంటే అది రోలర్ల మీద ఉన్నట్టు. మా బండిలో కంప్యూటరు ఆ సంగతి కనిపెడుతుంది. కనిపెట్టి, విషవాయువును కడిగేసే పనిముట్టుని గట్టిగా పనిచేయిస్తుంది. స్టీరింగు కదలగానే రోడ్డెక్కామనుకుని దాన్ని ఇంచుమించు ఆపేస్తుంది. అది అస్తమానం పనిచేస్తే మైలేజీ పడిపోతుంది, ప్రకటనల్లో చెప్పినంత రాదు. చుట్టాలున్నంతసేపు చేతులు కట్టుకుని కూర్చుని, వాళ్ళు గుమ్మం దాటగానే ఇల్లు పీకి పందిరేసే పిల్లాడున్నాడు చూడు, అదీ మా బండి. ఆఫీసులో దానికి బుద్ధిమంతుడు అని పేరు. ఆ పేరు విని నేనూ నవ్వినదాన్నే.

నీ మేనేజరు పంపిన అంకెలు నా బల్ల మీదికే వచ్చాయి. ఏ కేంద్రమో చూడగానే నాకు అర్థమైంది. స్టీరింగు అనే మాట ఏ కాగితం మీదా ఉండకూడదని మాకు గట్టి ఆజ్ఞ. ఆ మాట లేకుండా నీ చేతుల అలవాటు గురించి చెప్పాలి. ఎన్ని రకాలుగా రాసినా స్టీరింగు తొంగి చూస్తూనే ఉంది. అప్పుడు నీ ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. అక్కా, అమ్మ చెప్పిన అర్థం నాకు తట్టలేదని అబద్ధమాడను. తట్టింది. డ్రైవరు అన్నాను, పేరు రాయలేదు కదా అనుకున్నాను. మహా అయితే చేతులు కదపొద్దని నీకు చెబుతారు, అంతటితో పోతుంది అనుకున్నాను. మా పై అధికారి చదివి "భేష్" అన్నాడు.

నీ దగ్గరికి వచ్చి కాళ్ళ మీద పడతాను. నీకేం కావాలో చెప్పు.

పొట్టి


ఆసుపత్రి వరండా, బెంచీ

పొట్టీ,

నిన్న కొట్టులో మీ బావకి ఊపిరి అందలేదు. స్టాండులో బండ్లన్నీ బేరం కోసం ఇంజన్లు ఆపకుండా వరసగా నిలబడి ఉన్నాయి. తలుపు మూసుకోమని నువ్వు చెప్పిన మాట పట్టుకుని పాపం మూసుకునే కూర్చున్నాడు. ఆ గాలికి తలుపు అడ్డమా? ఎవరో తలుపు తోసి చూసి, ఎత్తుకొచ్చి, టాక్సీలో ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఏ బండిలోనో చెప్పనక్కర్లేదు కదా.

ఇప్పుడు ముక్కుకి గొట్టం పెట్టారు. నీ ఉత్తరం ఆయన పక్కనే కూర్చుని చదివి వినిపించాను. దాచుదామనుకున్నాను, నా వల్ల కాలేదు. అంతా విని, గొట్టం పక్కకి జరిపి, "అయితే వాళ్ళందరి చేతా ఆ బండ్లు కొనిపించింది నేనేనా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. అంత మెల్లగా అడిగేసరికి నా గుండె తరుక్కుపోయింది.

నీకు తలుపు మూయించాలని తెలుసు! ఆయన కళ్ళెందుకు మండుతున్నాయో తెలుసు! తెలిసి, "కిటికీ కూడా" అని జాగ్రత్తలు చెప్పావు. ఆ స్టాండులో వాళ్ళకి ఏ తలుపు ఉంది? రోజంతా ఆ బండ్లలోనే కూర్చుని అన్నం తింటారు, నిద్రపోతారు. వాళ్ళకెవరు చెప్పారు? మీరంతా ఐదో అంతస్తులో కిటికీలు బిగించుకుని కూర్చుని, బుద్ధిమంతుడట, ముద్దుపేర్లు పెట్టుకుని నవ్వుకుంటారా? సిగ్గు లేదూ?

కాళ్ళ మీద పడతానంటావు. నా కాళ్ళ మీద పడితే ఎవరికి ఉపయోగం? నువ్వు ఆ మాట నాకు రాయలేదు, కేంద్రానికి రాశావు. అక్కడ చెప్పు. దాని అర్థం ఏమిటో, ఎందుకు రాశావో, స్టీరింగు అన్న మాట ఎందుకు దాచావో, అన్నీ చెప్పు. నీ విభాగం పోతుంది, ఉద్యోగం పోతుంది, నాకు తెలుసు. నా ఉద్యోగం పోయినప్పుడు నువ్వు ఓపిక పట్టమన్నావు. నేనూ నీకు అదే చెబుతున్నాను, ఓపిక పట్టు, అన్నీ సర్దుకుంటాయి.

చెప్పకపోతే ఇంక నాకు ఉత్తరం రాయకు. మీ బావ వద్దంటున్నాడు ఇంత కటువుగా రాయొద్దని. ఆయనకి ఊపిరి అందనప్పుడు కూడా మరదలే కనపడుతోంది.

అక్క


హెడ్డాఫీసు ఎదురుగా, పార్కు బెంచీ

అక్కా,

చెప్పాను.

ముందు ప్రభుత్వ తనిఖీ అధికారుల దగ్గరికి వెళ్ళాను. చేతివాటం అంటే ఏమిటని వాళ్ళే అడిగారు. నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఒకాయన రాసుకోవడం ఆపి, "ఆమె మీకేమవుతారు?" అని అడిగాడు. మా అక్క అన్నాను. ఆ తర్వాత ఆయన నా మొహం చూడలేదు.

తిరిగి వచ్చేసరికి నా బల్ల ఖాళీ చేసేశారు. నా సామానంతా ఒక అట్టపెట్టెలో పెట్టి గుమ్మం దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చారు. ఎవరూ పలకరించలేదు. రోజూ నా పక్కన కూర్చునే అతను మెట్ల మీద ఎదురై, "ఇంట్లో వాళ్ళ కోసం ఇంతమంది కూడు పడగొట్టావు" అన్నాడు. జవాబు చెప్పడం నా వృత్తి కదా. ఒక్కటీ రాలేదు.

మీ కేంద్రానికి రమ్మన్నారు, వస్తున్నాను. అక్కడ నిన్ను చూసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. పని అయ్యాక ఇంటికి రానిస్తావా? బస్సు దిగి వెనక సందులోంచి వస్తాను, స్టాండులో ఎవరి కంటా పడను.

పొట్టి


ఇల్లు, వంటగది బల్ల

పొట్టీ,

కేంద్రంలో నువ్వు మాట్లాడి తల వంచుకుని వెళ్ళిపోయావు. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు, అందుకని రాస్తున్నాను.

అధికారులు అదే బండిని రోలర్ల మీద పెట్టించి నన్ను ఎక్కమన్నారు. "మీరు మామూలుగా ఎలా నడుపుతారో అలాగే నడపండి" అన్నారు. జీవితంలో మొదటిసారి నా చేతులు కదలనని మొండికేశాయి. అంతమంది చూస్తుంటే కట్టెల్లా బిగుసుకుపోయాయి. నాన్నని తలుచుకుని తిప్పాను. పక్క గదిలో యంత్రం అంకె ఎక్కుతూ పోయింది. ఆపాను, దిగింది. తిప్పాను, ఎక్కింది. అద్దం అవతల ఈసారి ఒక్కడూ ఏ ఊరు పోతున్నారని అడగలేదు.

మేనేజరు వచ్చి, "అయిందేదో అయింది, రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్యండమ్మా" అన్నాడు. అయిందేదో కాదు, ఏమైందో అదే గదిలో, అదే నోటితో చెప్పమన్నాను. అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు, నసుగుతూనే. నాతో అన్నం తినే అమ్మాయి ఏడ్చింది. ఆ మర్నాడు నేను వెళ్ళేసరికి మెకానిక్కు నన్ను చూడగానే టూల్‌బాక్సుకి తాళం వేశాడు. వేసి, నాలుక్కరుచుకుని, మళ్ళీ తీశాడు. "అలవాటైపోయింది మేడమ్" అన్నాడు. అదీ పొట్టీ నువ్వు రాసిన మాట. నువ్వు వెనక్కి తీసుకున్నావు, అది మాత్రం వెనక్కి రావడం లేదు.

మీ బావ ఇంటికి వచ్చాడు. కొట్టు తెరిచాడు గానీ చెయ్యి వణుకుతోంది, చిన్న గడియారాలు ఒప్పుకోవడం లేదు, గోడ గడియారాలే చేస్తున్నాడు. స్టాండులో వాళ్ళ బతుకులు మరీ ఘోరం. సంగతి బయట పొక్కాక ఆ బండి ఎక్కడానికి జనం భయపడుతున్నారు, కొనేవాడు లేడు. మీ కంపెనీ నుంచి ఇంతవరకు ఒక్క మనిషి వచ్చి మొహం చూపించలేదు. వాళ్ళకి దొరికినవాడు మీ బావ ఒక్కడే. రోజూ కొట్టు ముందు నిలబడి "నీ మరదలు మమ్మల్ని నిలువునా ముంచింది" అని తిట్టిపోతారు. ఆయన తల వంచుకుని, కళ్ళు తుడుచుకుంటూ మరలు బిగిస్తుంటాడు. ఒక్కసారి కూడా నీ మీద నెట్టలేదు.

అందుకని వెనక సందులోంచి రావద్దు. పట్టపగలు రా, స్టాండు మధ్యలోంచి నడిచి రా. ఎవరమ్మా నువ్వు అని అడుగుతారు. వాళ్ళు ఇన్నాళ్ళూ తిడుతున్న మరదలు ఎవరో నీ నోటితో నువ్వే చెప్పు. నాకూ అధికారులకూ చెప్పినట్టే వాళ్ళకీ చెప్పు, ఆ బండి లోపల ఏం పెట్టారో, వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి ఏం పంపారో. వాళ్ళు తిడతారు. నిలబడి విను. కొట్టు ముందు నీకు స్టూలు వేసి ఉంచుతానని మీ బావ అంటున్నాడు. నేను వద్దనలేదు.

నేనూ అక్కడే ఉంటాను. వాళ్ళ ముందు నిన్ను ఒక్క మాట అనను, చేతులు కట్టుకుని పక్కన నిలబడతాను. అవి నిన్ను చెంప మీద కొడతాయో, దగ్గరికి లాక్కుంటాయో నాకే తెలియదు. నా చేతుల సంగతి నీకు తెలుసుగా, ఊరుకుంటాయని మాత్రం మాట ఇవ్వలేను.

అక్క